భీమిలి బీచ్‌లో నిలబడితే ఫోన్ మైనస్ 67 మీటర్లు అంటోంది. తప్పు ఎవరిది?

సాగరతీరం_వైజాగ్ అడిగారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ మా ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ.

మా బాబు ఆరో తరగతి. సోషల్‌లో భూమి ఆకారం, ఆవరణాలు, అర్ధగోళాలు అనే పాఠం నడుస్తోంది. ఆదివారం పొద్దున్నే వాణ్ణి భీమిలి తీసుకెళ్లాం. మా తమ్ముడు కూడా వచ్చాడు. వాడు తన ఐఫోన్‌లో "మనం ఎంత ఎత్తులో ఉన్నామో చూడు" అని పిల్లాడికి చూపిస్తుంటే, నేనూ నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో అలాంటి యాప్ ఒకటి వేసుకున్నాను. వాడిది 3 మీటర్లు అంది. నాది మైనస్ 67. కాసేపటికి మైనస్ 65, మళ్లీ మైనస్ 68. అరగంట నిలబడ్డా ఆ చుట్టుపక్కలే తిరిగింది గానీ పైకి రాలేదు. అలలు పాదాలు తడిపి వెళ్తున్నాయి, ఫోన్ మాత్రం నేను ఇరవై అంతస్తుల లోతున ఉన్నానంటోంది!

"పదిహేను వేల ఫోన్ అంతే చూపిస్తుంది అక్కా" అని మా వాడి ఎగతాళి. అది పోనివ్వండి, బాబు అడిగినవాటికి నా దగ్గర జవాబు లేదు. సముద్రమట్టం అంటే సముద్రం ఉన్న మట్టమే కదా, ఒడ్డున నిలబడితే సున్నా రావాలి కదా అంటాడు. పైగా పుస్తకంలో ఒకచోట భూమి గోళం అని ఉంది, ఇంకోచోట ధ్రువాల దగ్గర నొక్కిన బత్తాయిలా ఉంటుందని ఉంది, క్లాసులో జియాయిడ్ అని రాయమన్నారట. మూడింటిలో ఏది నిజం?

నేను బీకాం చదివాను. ఫార్ములాలు తగ్గించి చెప్పండి ప్లీజ్.

గాజువాక_కుర్రాడు:

ఫోన్‌ని గాల్లో ఎనిమిది ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి మేడమ్, సెట్ అవుతుంది. అవ్వకపోతే ఫోన్ మార్చేయడమే.

పాత_లెవెల్:

అమ్మా, ఎనిమిదిలా తిప్పితే సరయ్యేది దిక్సూచి. ఎత్తుకీ దానికీ సంబంధం లేదు. ఫోన్ మార్చకండి. మీ ఫోన్ చెప్పిందీ నిజమే, మీ తమ్ముడిది చెప్పిందీ నిజమే. సున్నా ఎవరు ఎక్కడ పెట్టుకున్నారన్నదే తేడా.

నేను ముప్పై ఏళ్లకు పైగా గోదావరి కాలువల మీద లెవెల్, అంటే మట్టం చూసే సర్వే యంత్రం, మోసినవాణ్ణి. "సున్నా ఎక్కడ" అన్న గొడవ మీదే జీతం తీసుకున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉపగ్రహాలకి సముద్రం అంటే ఏమిటో తెలియదు. భూమి కేంద్రం నుంచి మీరు ఎటువైపు, ఎంత దూరంలో ఉన్నారో మీ ఫోన్ లెక్క కట్టుకోవడానికి అవి ఉపయోగపడతాయి, అంతే. కేంద్రం నుంచి ఆరు వేల మూడు వందల చిల్లర కిలోమీటర్లు అని చూపిస్తే మనకేం అర్థమవుతుంది? అందుకని భూమికి దగ్గరగా సరిపోయే ఒక నున్నటి ఆకారాన్ని లెక్కల్లో తయారుచేసి, దానికి పైన ఇంత, కింద ఇంత అని చెబుతారు. దాని పేరు ఎలిప్సాయిడ్. మీ బాబు పుస్తకంలో బత్తాయి అదే. భూమధ్యరేఖ దగ్గర దాని వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. అంటే 21 కిలోమీటర్ల తేడా. చాలా ఆండ్రాయిడ్ యాప్‌లు ఈ బత్తాయి తొక్క నుంచే ఎత్తు లెక్కపెడతాయి.

అసలు సముద్రం ఆ తొక్కకి కట్టుబడి ఉండదు. మన విశాఖ దగ్గర దానికి సుమారు 70 మీటర్ల కింద ఉంటుంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఒకచోట 106 మీటర్ల కింద ఉంటుంది. ప్రపంచంలో ఏ సముద్రమూ అంత దిగువకి లేదు. అదే పాపువా న్యూగినీ వైపు వెళితే 80 మీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. ఆటుపోట్లూ అలలూ తీసేసిన ఈ ఎగుడుదిగుడు నీటిమట్టం ఖండాల కింద కూడా కొనసాగుతోందని ఊహించుకోండి. ఆ ఆకారమే జియాయిడ్. ఎక్కడ తొక్కకీ నీటికీ ఎంత తేడా ఉందో చెప్పే పట్టిక ఐఫోన్ దగ్గర ఉంటుంది, అది సరిచేశాకే అంకె చూపిస్తుంది. మీ యాప్ సెట్టింగుల్లో కూడా వెతకండి. "సముద్రమట్టం" అనో, "జియాయిడ్" అనో, "ఈజీఎం 96" అనో ఉంటే ఆన్ చేయండి. తమ్ముడి నోరు మూతపడుతుంది.

ఇంతకీ సముద్రం అలా ఎందుకు వంకరగా ఉంది? మీ ఇల్లు కట్టినప్పుడు తాపీ మేస్త్రి మట్టం ఎలా చూశాడో గుర్తుందా? చిన్నవాటికి రసమట్టం పెడతాడు. ఈ మూల నుంచి ఆ మూలకి మట్టం తీసుకెళ్లాలంటే సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండు గోడలకి ఆనిస్తాడు. రెండు వైపులా నీళ్లు ఎక్కడ నిలిస్తే అక్కడ పెన్సిల్ గీత. ఆ నీళ్లకి బత్తాయి, గోళం లాంటివేమీ తెలియవు. భూమి ఎటు లాగితే అటు పోతాయి, పోవడానికి ఇంకెటూ లేనప్పుడు నిలుస్తాయి. ఆ పైపునే భూగోళమంతా చుట్టామనుకోండి, అందులో నీళ్లు నిలిచిన గీతే జియాయిడ్. భూమి లోపల పదార్థం అంతటా ఒకే బరువుతో లేదు. బరువున్న వైపు లాగుడు ఎక్కువ, నీరు అటు పోగవుతుంది. తేలిక పదార్థం ఉన్నచోట ఆ మేరకు దిగుతుంది. మన హిందూ మహాసముద్రం పల్లానికి కారణం కింద లోతున మాంటిల్‌లో (భూమి పైపెంకు కింద ఉన్న మందపాటి రాతి పొర) ఉన్న వేడి, తేలిక పదార్థమని 2023లో బెంగళూరు ఐఐఎస్‌సి పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. ఎప్పుడో మూసుకుపోయిన టెథిస్ సముద్రపు అడుగు పలకలు లోపలికి కుంగుతూ ఆఫ్రికా కింద ఉన్న వేడి పదార్థాన్ని కదిలించాయట.

బాబు "సున్నా రావాలి కదా" అన్నది మంచి మాట. మన దేశంలో ఎత్తులకి సున్నా పెట్టినప్పుడు చేసింది అదే. తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి ఆటుపోట్లు కొలిచి, సగటు తీసి, 1909లో దాన్ని సున్నాగా ఖాయం చేశారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖ ఒకటి. రైల్వే స్టేషన్ బోర్డుల మీద సముద్రమట్టానికి ఎత్తు అని రాసి ఉంటుందే, అది ఆ సున్నా నుంచే.

సాగరతీరం_వైజాగ్:

మాస్టారూ, చాలా చాలా థాంక్స్. సెట్టింగుల్లో ఉంది! ఆన్ చేశాను. ఇంటి దగ్గర చూస్తే నాదీ తమ్ముడిదీ రెండు మూడు మీటర్ల తేడాలోకి వచ్చాయి. వాడికి స్క్రీన్‌షాట్ పంపాను, ఇంకా రిప్లై లేదు.

మీరు రాసింది బాబుకి చదివి వినిపించాను. పైపు బాగా అర్థమైంది. కానీ మళ్లీ అడిగాడు. మన సముద్రం 70 మీటర్ల కింద ఉంటే, అక్కడ పాపువా దగ్గర 80 మీటర్ల పైన ఉంటే, మధ్యలో గోడ లేదు కదా, ఆ నీళ్లన్నీ మన మీదకి పారి వచ్చేయాలి కదా అని. "అంటే మనం గోతిలో ఉన్నామా" అని కొంచెం భయపడ్డాడు కూడా. నేను ఏం చెప్పను?

పాత_లెవెల్:

మీ బాబు నా దగ్గర చైన్‌మన్‌గా, అంటే సర్వేలో కొలత గొలుసు పట్టే సహాయకుడిగా, చేరితే బాగుండేది. నాకు ఈ అనుమానం రావడానికి ఉద్యోగంలో పదేళ్లు పట్టింది.

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు. అందులో మొదటి సగమే మనకి కావాలి. పల్లం ఎటో తెలిసింది నీటికే. మనమేమో బత్తాయి తొక్క మీద నుంచి కొలిచి, అంకె తక్కువ వచ్చింది కాబట్టి ఇది పల్లం అంటున్నాం. నీటికి పల్లం అంటే అంకె తక్కువైన చోటు కాదమ్మా, లాగుడు ఎటు ఉంటే అటు. సముద్రం పైభాగం అన్నిచోట్లా లాగుడికి అడ్డంగానే నిలిచి ఉంటుంది. పాపువా దగ్గరా అంతే, మన దగ్గరా అంతే. ఒడ్డున తూకం గుండు వేలాడదీస్తే దారానికి నీరు సరిగ్గా అడ్డంగా ఉంటుంది, ఏ వైపుకీ వాలు ఉండదు. వాలు లేనప్పుడు పారడం ఎందుకు? కాబట్టి గొయ్యి లేదు, భయపడొద్దని చెప్పండి.

నమ్మడం కష్టంగా ఉంటే గోదావరినే చూపిస్తాను. ఇది నేను రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం కాలిక్యులేటర్ పెట్టుకుని లెక్క వేసి, తప్పు వేశాననుకుని మూడుసార్లు మళ్లీ వేసింది.

నాసిక్ 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలిసేది 16 డిగ్రీల 20 నిమిషాల దగ్గర. భూమి భూమధ్యరేఖ వైపు ఉబ్బింది కదా, మనం దక్షిణానికి వస్తున్న కొద్దీ సముద్రమట్టమే భూమి కేంద్రానికి దూరం జరుగుతూ ఉంటుంది. ఈ రెండు అక్షాంశాల మధ్య అది సుమారు 800 మీటర్లు. నాసిక్ ఊరు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. అంటే నాసిక్ ఘాట్‌లో ఉన్న నీళ్ల కంటే అంతర్వేదిలో ఉన్న నీళ్లు భూమి కేంద్రానికి దాదాపు 200 మీటర్లు ఎక్కువ దూరంలో ఉన్నాయి!

కేంద్రం నుంచి దూరమే ఎత్తు అనుకుంటే నాసిక్ నుంచి మన దాకా గోదావరి ఎదురెక్కి వస్తోందన్నమాట. భద్రాచలం దగ్గరా లెక్క అలాగే వస్తుంది. కానీ నది ఎక్కడా ఆగలేదు, వెనక్కీ పోలేదు. ఎందుకంటే భూమి తిరుగుడు వల్ల నీటిని భూమధ్యరేఖ వైపు విసిరే బలం ఒకటి ఉంది. అది కూడా కలిసిన లాగుడికే నీరు లోబడుతుంది. భూమి తిరగడం ఆగిపోతే భూమధ్యరేఖ దగ్గరి సముద్రాలు ధ్రువాల వైపు పోతాయి. అప్పుడు చూడాలి మన డెల్టా కాలువల సంగతి.

ఇలాంటిదే ఇంకోటి. సముద్రమట్టం నుంచి ఎవరెస్ట్ 8,848 మీటర్లు, అదే పెద్దది. కేంద్రం నుంచి కొలిస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో ఎవరెస్ట్‌ని రెండు కిలోమీటర్లతో దాటిపోతుంది. దాని ఎత్తు 6,263 మీటర్లే, కానీ భూమధ్యరేఖకి ఆనుకుని ఉబ్బు మీద నిలబడింది. ఎక్కిన కొండ చిన్నదే, నిలబడ్డ అరుగు పెద్దది.

సోషల్_టీచర్:

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. సర్ చెప్పిన గోదావరి లెక్క రేపు తొమ్మిదో తరగతికి చెప్పేస్తున్నా, మీ అనుమతి లేకుండానే.

బాబు పరీక్ష సంగతి: "జియాయిడ్" అని రాయమనండి, మార్కు వస్తుంది. అయితే మూడూ నిజమేనని వాడికి తెలియాలి. ఎంత దగ్గర నుంచి చూస్తున్నామన్నదే తేడా. గ్రహణం ఎందుకొస్తుందో చెప్పడానికీ గ్లోబు బొమ్మకీ గోళం చాలు. ఫోన్ లొకేషన్‌కి ఎలిప్సాయిడ్ కావాలి. నీళ్లు ఎటు పారతాయో చెప్పాలంటే జియాయిడ్ లేకుండా కుదరదు.

నాకు బత్తాయి పోలిక మీద మాత్రం కోపం. పుస్తకాల్లో బొమ్మ వేసేటప్పుడు పిల్లలకి కనబడాలని అణిచి అణిచి గుమ్మడికాయ చేసేస్తారు. మా క్లాసులో 30 సెంటీమీటర్ల గ్లోబు ఉంది. ఆ సైజులో భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా కొలిచినదానికీ, ధ్రువం నుంచి ధ్రువానికి కొలిచినదానికీ తేడా ఒక్క మిల్లీమీటరు. ఎవరెస్ట్ 0.2 మిల్లీమీటర్లు. సముద్రాల సగటు లోతు 3.7 కిలోమీటర్లు, గ్లోబు మీద అది 0.1 మిల్లీమీటరు కూడా కాదు, కాగితం మందం. పిల్లల్ని "జలావరణం ఎంత మందం ఉంటుందో గ్లోబు మీద సుద్దతో పూయండి" అంటే అరంగుళం పూసి వస్తారు. తడి గుడ్డతో ఒకసారి గ్లోబుని తుడిచి, మిగిలిన ఆ తేమ చూపిస్తాను. ఇదీ మీ మూడు వంతుల నీరు అని. గాలి కూడా అంతే. వాతావరణం వందల కిలోమీటర్లని రాస్తాం గానీ గాలి బరువులో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది. శిలావరణం, జలావరణం, వాతావరణం, వాటి మధ్య ఇరుక్కున్న జీవావరణం అని నాలుగు రంగుల వలయాలు గీయిస్తాం కదా, నిజానికి మనం బతికేదంతా గ్లోబుకి వేసిన వార్నిష్ మందంలోనే.

ఆ ఒక్క మిల్లీమీటరు ఉబ్బు మొదట దొరికింది ఎక్కడో చెబితే బాబుకి నచ్చుతుంది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయెన్‌కి లోలకం గడియారం తీసుకెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకపడింది. గడియారం చెడిపోలేదు. భూమధ్యరేఖ దగ్గర లాగుడు తక్కువ, లోలకం నెమ్మదించింది. న్యూటన్ భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని వాదించినప్పుడు వాడుకున్న ఆధారాల్లో ఇదొకటి. మీ ఫోన్ లాంటిదే, పాపం ఆ గడియారాన్నీ మొదట తప్పుపట్టే ఉంటారు.

గాజువాక_కుర్రాడు:

ఫోన్ మార్చేయమన్నందుకు సారీ మేడమ్.

పాత లెవెల్ గారూ, ఒక డౌట్. ఇవన్నీ ఉపగ్రహాలు, పెద్ద పెద్ద లెక్కలు. మీ పనిలో భూమి గుండ్రంగా ఉందని ఎప్పుడైనా స్వయంగా చూశారా? లేక పుస్తకంలో ఉంది కాబట్టి నమ్మేయడమేనా?

పాత_లెవెల్:

చూశాను బాబూ. చూడక తిట్లు కూడా తిన్నాను.

లెవెల్ అంటే దుర్భిణీకి రసమట్టం కట్టిన యంత్రం అనుకో. దాని చూపు తిన్నగా వెళ్తుంది. భూమి మాత్రం ఆ చూపు కింద నుంచి వంగి దిగిపోతూ ఉంటుంది. ఒక కిలోమీటరు దూరంలో ఆ దిగుడు 7.8 సెంటీమీటర్లు. గాలి చూపుని కాస్త కిందకి వంచుతుంది కాబట్టి చివరికి 6.7 దాకా మిగులుతుంది. రెండు కిలోమీటర్లయితే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుకే మేము యాభై మీటర్లకి మించి చూపు వేయం. వెనక స్టాఫ్ (అంకెలు గీసిన కొలత కర్ర) ఎంత దూరమో ముందు స్టాఫూ అంతే దూరం పెడతాం. రెండు వైపులా ఒకే తప్పు వస్తుంది, తీసివేతలో పోతుంది.

చేరిన కొత్తలో ఒకసారి పాయ దాటించి మట్టం తీసుకెళ్లాల్సి వచ్చింది. అవతలి గట్టు ఆరు వందల మీటర్లు. అలాంటిచోట ఈ గట్టు మీద నుంచి ఒకసారి, ఆ గట్టు మీద నుంచి ఒకసారి చూసి సగటు తీయాలి. పడవ వాడు భోజనానికి పోయాడు, ఎండ మండుతోంది. ఒకవైపే చూసి రాసేసి వచ్చాను. రెండున్నర సెంటీమీటర్లు తేడా వచ్చింది. నవ్వకు. ఆ కాలువ వాలు కిలోమీటరుకి పది సెంటీమీటర్లు. నా బద్ధకం పావు కిలోమీటరు వాలు మింగేసింది. మా ఇంజినీరు గారు పుస్తకం చూసి "ఏమయ్యా, నీ లెక్కలో భూమి బల్లపరుపా?" అన్నారు. మర్నాడు నా ఖర్చుతో పడవ.

ఇంకోటి చెప్పాలనిపిస్తోంది, మన నేల మీదే మొదలైంది కాబట్టి. లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1802లో మద్రాసు నుంచి మొదలుపెట్టిన మహా సర్వే భూమి వంపుని కొలవడానికి కూడా. దానిలో చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కి పంపారు. అక్కడ 1752లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త కొలిచిన కొలత ఒకటి ఉంది. దాని ప్రకారం దక్షిణార్ధగోళం ఆకారం ఉత్తరార్ధగోళంలా లేదు. డెబ్బై ఏళ్లుగా ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరెస్ట్ ఆ స్థలాలు తిరిగి చూసి, పక్కనున్న కొండలు తూకం గుండుని తమ వైపు లాగి ఉంటాయని లాంబ్టన్‌కి రాశాడు. గుండు రవ్వంత పక్కకి జరిగితే నిలువు తప్పుతుంది, నిలువు తప్పితే నక్షత్రం ఎత్తు తప్పుతుంది, అక్షాంశం తప్పుతుంది. ఆ తప్పంతా దక్షిణార్ధగోళం నెత్తిన పడింది. మన అడవి దోమ కుట్టకపోతే ఆయన అటు వెళ్లేవాడే కాదు.

మెల్బోర్న్_నుంచి:

ఆ నిందపడిన అర్ధగోళంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మాది అమలాపురం.

మొదట ఎత్తు విషయం. నాది ఆండ్రాయిడే. ఇక్కడ బీచ్‌లో ఆ తేడా నాలుగైదు మీటర్లే, అందుకే ఎప్పుడూ గమనించలేదు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఓడలరేవు బీచ్‌లో మైనస్ డెబ్బై ఎంతో చూపిస్తే ఫోన్ విమానంలో పాడైందనుకున్నాను.

అర్ధగోళాల పాఠం మీ బాబుకి ఇలా చెప్పండి అక్కా. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఎండకి ఎదురుగా నిలబడితే కుడి నుంచి ఎడమకి నడుస్తాడు. మేం ఇల్లు కొనేటప్పుడు నాన్నగారు ఫోన్లో తూర్పు ముఖం, తూర్పు ముఖం అని పట్టుబట్టారు. ఏజెంటేమో "ఉత్తరం కిటికీలున్నాయి చూడండి" అని దానికే రేటు పెంచాడు. చలికాలంలో ఎండ వచ్చేది ఆ కిటికీల్లోంచే మరి. చందమామలో కుందేలు తలకిందులుగా ఉంటుంది. మా పాపకి ఇక్కడి కుందేలే అలవాటు, అమలాపురంలో చూసి "తాతయ్యా, మీ మూన్ ఉల్టా ఉంది" అంది. ఉత్తరాయణ పుణ్యకాలం మొదలైతే మాకు పగలు తగ్గడం మొదలు. భోగి మంట వేద్దామంటే ఒక ఏడాది సరిగ్గా ఆ రోజే వేడిగాలులని మంటల నిషేధం పెట్టారు. నాలుగు పిడకలు ముట్టించినా ఫైన్.

సింకులో నీళ్లు ఇక్కడ రివర్స్‌లో తిరుగుతాయట కదా అని ఇండియా నుంచి ప్రతివాళ్లూ అడుగుతారు. తిరగవు. అది సింకు ఆకారాన్ని బట్టి, నీళ్లు పోసిన తీరుని బట్టి ఉంటుంది. తుపాన్లు మాత్రం నిజంగానే రివర్స్. బంగాళాఖాతం తుపాను గడియారానికి ఎదురు తిరుగుతుంది, ఇక్కడివి గడియారంతో పాటు.

నేలలో మూడింట రెండు వంతులు మీ వైపే ఉంది. మా వైపు ఐదింట నాలుగు వంతులు నీళ్లే. ఇక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి పోతే టాస్మేనియా, అది దాటితే అంటార్కిటికా దాకా ఇంక నేల తగలదు.

తూర్పు, పడమర అర్ధగోళాలు మాత్రం వేరే కథ. భూమధ్యరేఖ భూమి తిరుగుడు వల్ల తనంతట తాను ఏర్పడింది. తూర్పు పడమరలని విడదీసే సున్నా రేఖాంశం, అంటే లండన్‌లోని గ్రీనిచ్ గీత, 1884లో వాషింగ్టన్‌లో ఓట్లేసి పెట్టుకున్నది. రెండేళ్ల క్రితం లండన్ వెళ్లినప్పుడు ఆ గీతకి గుర్తుగా నేల మీద వేసిన ఇత్తడి పట్టీకి అటో కాలు ఇటో కాలు వేసి ఫొటో దిగాను, రెండు అర్ధగోళాల్లో ఉన్నానని. ఫోన్ తీసి చూస్తే సున్నా లేదు. పడమర 5 సెకన్లు అంది. అసలు సున్నా వంద మీటర్ల అవతల పార్కులో, పిల్లలు బంతాట ఆడుకుంటున్న చోట వచ్చింది. టికెట్టు కొన్న గీత ఒకటి, సున్నా ఉన్నది ఇంకోచోట. ఎందుకో తర్వాత చదివాను. పాతకాలం దుర్భిణీని అక్కడి లాగుడుని బట్టి నిలువు చూసి నిలబెట్టారు, ఆ లాగుడు భూమి కేంద్రం వైపు సరిగ్గా లేదు, రవ్వంత పక్కకి ఉంది. పాత లెవెల్ గారి కేప్ కొండల కథ చదవగానే అదే గుర్తొచ్చింది. బాబాయ్ గారూ, రెండూ ఒకే జబ్బేనా?

పాత_లెవెల్:

ఒకే జబ్బు. గుండు కేంద్రాన్ని చూపించదు బాబూ, లాగుడిని చూపిస్తుంది. ఓడలరేవు వైపు కాలువ మీద ఆరేళ్లు చేశాను. ఈసారి వస్తే కబురు చెయ్యి.

సాగరతీరం_వైజాగ్:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్.

స్టేషన్ బోర్డుల మాట విన్నప్పటి నుంచి బాబు ఒకటే పట్టు. నిన్న కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వెళ్లాం. దారిలో శిమిలిగూడ బోర్డు మీద 996.32 మీటర్లు అని ఉంది. వాడు ముందే నా ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి పెట్టుకున్నాడు. బోగీ లోపల సరిగ్గా పట్టలేదు. రైలు ఆగిన కాసేపూ తలుపు దగ్గర చెయ్యి బయటకి చాపి నిలబడ్డాం, 928 వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టి "అరవై ఎనిమిది! భీమిలిలో ఉన్నదే ఇక్కడా ఉంది!" అని అరిచాడు. పక్క సీట్లో బొంగులో చికెన్ గురించి మాట్లాడుకుంటున్న వాళ్లు ఉలిక్కిపడ్డారు.

అరకులో దిగాక మా తమ్ముడు ఐఫోన్ తీశాడు. "చూశావా, బోర్డుకి తగ్గట్టు చూపించేది నాదే" అన్నాడు. బాబు తలెత్తకుండా, "మామయ్యా, నీ ఫోన్ పట్టిక చూసి రాస్తుంది, అమ్మ ఫోన్ కొలిచి రాస్తుంది" అన్నాడు.

నేనేం నేర్పలేదండీ.